ట్యూబ్ యాంపూ, మోడలరూ, మూడో అంతస్తు ఫ్లాటూ

గిటార్ వాయించడానికి వాక్యూమ్ ట్యూబుల మీద నడిచే ట్యూబ్ యాంప్ మేలా, ఆ యాంప్ ప్రవర్తనని కంప్యూటర్ లెక్కలతో అనుకరించే డిజిటల్ మోడలర్ మేలా అన్న గొడవ మొదలైతే చాలు, ఎవరో ఒకరు కళ్ళకి గంతలు కట్టే పరీక్ష పట్టుకొస్తారు. ఒకే గిటార్ ముక్కని రెండింటి మీదా రికార్డు చేసి, ఏది ఏదో చెప్పమంటారు. చెప్పలేకపోతే "చూశారా, తేడా లేదు" అని తేల్చేస్తారు. ఆ పరీక్ష ఇప్పుడు పెట్టినా నేను ఫెయిలవుతాను. నాకు తెలిసిన గిటారిస్టుల్లో చాలామంది ఫెయిలవుతారు. అయినా గొడవ తీరదు, ఎందుకంటే అది వినేవాడికి పెట్టిన పరీక్ష. ట్యూబ్ యాంప్ గురించి చెప్పుకునేదేమో వాయించేవాడి సంగతి. తీగని కాస్త గట్టిగా మీటితే యాంప్ ఏం చేసింది, అది విని నా చెయ్యి ఏం మార్చుకుంది, ఆ మార్పుకి మళ్ళీ యాంప్ ఏమంది, ఈ వ్యవహారమంతా రికార్డింగ్ అయ్యేలోపే ముగిసిపోతుంది. వినేవాడి దాకా వచ్చేది ఫలితం ఒక్కటే.

అందుకని "తేడా ఏమీ లేదు" అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. "డిజిటల్‌లో ప్రాణం లేదు" అనేవాళ్ళతోనూ ఒప్పుకోను. మనం ట్యూబుల గొప్పతనం అనుకుంటున్నదాంట్లో ఎక్కువ భాగం స్పీకరుదీ, గదిదీ, చప్పుడుదీ అని నా వాదన. ట్యూబులకి నిజంగా చెందాల్సిన వాటా ఒకటుంది. కాకపోతే మన అపార్ట్‌మెంట్లలో ఆ వాటా ట్యూబ్ యాంప్ కొన్నవాడికి కూడా దక్కదు.

ముందు ఆ వాటా సంగతి చూద్దాం.

ఫెండర్ డీలక్స్ రివర్బ్ తీసుకోండి. 1960లలో వచ్చిన యాంప్. 22 వాట్లు, చివర్లో స్పీకరుని నడిపే రెండు 6వీ6 పవర్ ట్యూబులు, ఒక 12 అంగుళాల స్పీకరు. గోడలోంచి వచ్చే ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ కూడా ట్యూబే, జీజెడ్34. పవర్ ట్యూబులకి అందే వోల్టేజి 400కి పైనే. ఇప్పుడు ఒక కార్డుని, అంటే కలిపి మోగించే స్వరాల గుత్తిని, గట్టిగా బాదారనుకోండి. పవర్ ట్యూబులు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతాయి. అంత కరెంటుని అదే వోల్టేజి దగ్గర ఇవ్వడం రెక్టిఫయర్ వల్లా, ట్రాన్స్‌ఫార్మర్ వల్లా కాదు. వోల్టేజి కిందికి జారుతుంది. పక్కింట్లో బోరు మోటారు ఆన్ చేయగానే మన ఇంట్లో లైటు ఒక్క క్షణం మసకేసి మళ్ళీ తేరుకుంటుందే, అదే తంతు. యాంప్ శక్తి ఆ క్షణానికి తగ్గుతుంది కాబట్టి దెబ్బ మొన అణుగుతుంది. తీగ కంపం తగ్గేకొద్దీ వోల్టేజి తేరుకుంటుంది. దాంతో పడిపోవాల్సిన శబ్దం నిలబడుతుంది, ఒక్కోసారి కాస్త ఉబుకుతుంది కూడా. గిటారిస్టులు దీన్ని శాగ్ అంటారు.

దీనికి తోడు ఇంకొకటి ఉంది, దాని గురించి తక్కువ మాట్లాడుకుంటారు. ట్యూబుకి సిగ్నల్ అందే చోటైన గ్రిడ్ మీద మోయలేనంత సిగ్నల్ పడినప్పుడు, ముందున్న కెపాసిటర్‌లో చార్జి పేరుకుని ట్యూబు బయాస్, అంటే సిగ్నల్ లేనప్పుడు అది నిలబడే స్థాయి, పక్కకి జరుగుతుంది. ఆ చార్జి దిగడానికి కొంత టైము పడుతుంది. అంటే ఇప్పుడు మీటిన స్వరం ఎలా వస్తుందన్నది క్షణం కిందట మీరు ఏం మీటారన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. చెయ్యి ఇదంతా లెక్క కట్టకుండానే నేర్చుకుంటుంది. గట్టిగా కొట్టినా మొన గుచ్చుకోదని తెలిశాక భయం లేకుండా కొడుతుంది. మెల్లగా మీటితే తేటగా వస్తుందని తెలిశాక, పెడల్ జోలికి పోకుండా వేలి బలంతోనూ గిటార్ మీది వాల్యూమ్ నాబ్‌తోనూ పని కానిచ్చేస్తుంది. నేను ట్యూబులకి ఇచ్చే వాటా ఇదే.

అయితే దీన్ని ట్యూబులన్నిటికీ గంపగుత్తగా అంటగట్టడం కుదరదు. ట్విన్ రివర్బ్ కూడా ఫెండర్ వాళ్ళ ట్యూబ్ యాంపే. దాంట్లో రెక్టిఫయర్‌గా సిలికాన్ డయోడ్లుంటాయి, 85 వాట్ల బలం ఉంటుంది. వోల్టేజి అంత తేలిగ్గా జారదు. గట్టిగా కొడితే గట్టిగానే తగులుతుంది. 1981లో వచ్చిన మార్షల్ జేసీఎం800లోనూ డయోడ్లే. "ట్యూబ్ యాంప్‌లో ఆ మెత్తదనమే వేరు" అని మురిసిపోయేవాళ్ళలో కొందరు చూపించే యాంపులో రెక్టిఫయర్ ట్యూబు అసలుండనే ఉండదు.

వెచ్చదనం మాట కూడా అంతే. ట్యూబులు సరి హార్మోనిక్సు (అసలు స్వరానికి రెండు, నాలుగు రెట్ల పౌనఃపున్యం ఉన్న తోడు స్వరాలు) పుట్టిస్తాయి, అందుకే చెవికి ఇంపుగా ఉంటాయి అని ఎవరిని అడిగినా చెబుతారు. యాంప్ మొదటి భాగమైన ప్రీయాంప్‌లో ఒంటరిగా పనిచేసే 12ఏఎక్స్7 ట్యూబు విషయంలో అది కొంత నిజం. కానీ డీలక్స్ రివర్బ్, వాక్స్ ఏసీ30, మార్షల్ అన్నిట్లోనూ పవర్ ట్యూబులు పుష్-పుల్ పద్ధతిలో జతగా పనిచేస్తాయి. ఆ అమరికలో, పవర్ ట్యూబుల్లో పుట్టిన సరి హార్మోనిక్సు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ట్యూబులు మెత్తగా క్లిప్ అవుతాయనడం, అంటే హద్దు దాటితే మెల్లగా విరుగుతాయనడం కూడా అన్ని యాంపులకీ వర్తించదు. బయటికొచ్చే సిగ్నల్‌లో కొంత వెనక్కి పంపి తేడాని సరిచేసే నెగటివ్ ఫీడ్‌బ్యాక్ లేని ఏసీ30 మెల్లగా విరుగుతుంది. నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఉన్న మార్షల్ ఒక హద్దు దాకా శుభ్రంగా ఉండి, దాటగానే చటుక్కున విరుగుతుంది. రెండూ గొప్ప యాంపులే, రెండూ చేతికి వేరువేరుగా తగులుతాయి.

అసలు ఈ గుణాలు ఎవరూ కావాలని పెట్టినవి కావు. లియో ఫెండర్ కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే షాపు నడిపినవాడు. ఆయనకి కావాల్సింది శబ్దం విరగకుండా పెద్దగా వినిపించే యాంప్. బేస్ గిటార్ కోసం చేసిన ఫెండర్ బాస్‌మన్‌ని చూసి లండన్‌లోని హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ షాపు కుర్రాళ్ళు 1962లో తమ మొదటి యాంప్ చేశారు. దొరికిన ట్యూబులు, దొరికిన ట్రాన్స్‌ఫార్మర్లు వాడారు. దాన్ని పూర్తిగా పెంచి వాయించినప్పుడు వచ్చిన మోతే తర్వాత రాక్ సంగీతానికి గుర్తయింది. సర్క్యూట్ గీసినవాళ్ళు లోపం అనుకున్నదాన్ని వాయించేవాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు.

మనకీ ఈ ట్యూబులు కొత్తేమీ కాదు, మనం వాల్వులనేవాళ్ళం అంతే. వాల్వు రేడియో స్విచ్చి వేసి గొంతు వచ్చేదాకా ఆగిన తరం ఇంకా మన ఇళ్ళలో ఉంది. పెళ్ళిళ్ళకీ తిరునాళ్ళకీ కట్టిన మైకుసెట్లలోనూ ఒకప్పుడు వాల్వు యాంపులే. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళు రేడియో వాల్వులు తయారు చేసేవాళ్ళు. ఆ కాలపు రేడియోల్లో స్పీకరుని నడిపిన ఈఎల్84 వాల్వులే నాలుగు కలిపితే ఏసీ30 పవర్ సెక్షన్. యాంప్‌ని వాద్యంలో భాగంగా చూడటం కూడా మనకి తెలిసిందే. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌నే పట్టుకున్నారు. మామూలు మాండలిన్ మీద మీటిన స్వరం త్వరగా ఆరిపోతుంది, గమకం సాగడానికి ఆ కాస్త టైము చాలదు. కరెంటు ఇచ్చిన ఆ నిడివితో ఆయన ఏం చేశారో వేరే చెప్పక్కర్లేదు.

ఇక మోడలర్ల సంగతి. లైన్ 6 వాళ్ళు 1996లో యాక్సిస్ 212 అనే యాంప్, 1998లో పాడ్ అనే ఎర్ర డబ్బా తెచ్చినప్పుడు, తిట్టినవాళ్ళ తిట్లలో న్యాయం ఉంది. డిస్టార్షన్ అంటేనే కొత్త హార్మోనిక్సు పుట్టడం. శాంప్లింగ్ రేటులో (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తారన్న అంకెలో) సగం దాటిన హార్మోనిక్సుకి డిజిటల్‌లో చోటు ఉండదు. అవి వెనక్కి మడతపడి, వాయించే స్వరంతో ఏ సంబంధమూ లేని చోట తేలతాయి. తొలితరం డబ్బాల్లో డిస్టార్షన్ బాగా పెంచి, పై తీగ మీద బెండ్ చేస్తే స్వరం పైకి వెళ్తూంటే అడుగున ఇంకేదో కిందికి దిగేది. చెవికి పేరు తెలియకపోయినా చిరాకు తెలుస్తుంది. ఇప్పటి ప్రాసెసర్లు లోపల శాంప్లింగ్ రేటుని ఎన్నో రెట్లు పెంచి లెక్క కట్టి, తర్వాత దించుతాయి. ఆ రోగం దాదాపు పోయింది.

2006లో యాక్స్-ఎఫ్‌ఎక్స్, 2015లో హీలిక్స్ అనే మోడలర్లు వచ్చాయి. యాక్స్-ఎఫ్‌ఎక్స్ లాంటివాటిలో సర్క్యూట్‌లోని భాగాలకే లెక్కలు రాశారు. శాగ్‌కి విడిగా ఒక నాబ్ ఉంటుంది, బయాస్‌కి ఇంకొకటి. కెంపర్, క్వాడ్ కార్టెక్స్, ఓపెన్ సోర్స్‌గా దొరికే న్యూరల్ యాంప్ మోడలర్ దారి వేరు. నిజం యాంప్‌లోకి ఒక టెస్టు సిగ్నల్ పంపి, బయటికి ఏం వచ్చిందో చూసి నేర్చుకుంటాయి. అచ్చుగుద్దినట్టు వస్తుంది, కాకపోతే ఆ రోజు నాబులు ఎక్కడున్నాయో అక్కడి యాంపే వస్తుంది. ట్రెబుల్ తిప్పితే అసలు యాంప్‌లో బేస్, మిడ్ కూడా కదులుతాయి. ఇలా తీసిన నకలులో, అంటే క్యాప్చర్‌లో, మామూలుగా అలా జరగదు. నాకు ఈ రెండో రకం కన్నా మొదటి రకమే చేతికి దగ్గరగా అనిపిస్తుంది. దీన్ని రుజువు చేయమంటే మాత్రం చేయలేను.

లేటెన్సీ అంటారు కొందరు, మీటాక శబ్దం ఆలస్యంగా వస్తుందని. గాల్లో శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది, అంటే మీటరుకి దాదాపు 3 మిల్లీసెకన్లు. మంచి మోడలర్ లోపల పట్టే ఆలస్యం కూడా ఇంచుమించు అంతే. స్టేజి మీద ట్యూబ్ యాంప్‌కి మూడు మీటర్ల దూరంలో నిలబడి వాయించేవాడికి 9 మిల్లీసెకన్ల ఆలస్యం ఉంటుంది, వాడెప్పుడూ కంప్లయింట్ చేయలేదు. కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ పెట్టి సెట్టింగులు సరిచూసుకోని వాళ్ళ బాధ వేరు, అది మోడలర్ నేరం కాదు.

మరి తేడా ఎక్కడ? ఇక్కడే నాకు అసలు గొడవ.

ట్యూబ్ యాంప్ కొన్నవాడు దాన్ని గదిలో పెట్టి, దాని ముందు నిలబడి వాయిస్తాడు. మోడలర్ కొన్నవాడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాడు. మోడలర్‌లోంచి హెడ్‌ఫోన్స్‌కి వచ్చేది యాంప్ శబ్దం కాదు. ఒక స్పీకరు గుడ్డకి రెండు మూడు అంగుళాల దూరంలో మైకు పెట్టి రికార్డు చేసిన యాంప్ శబ్దం. ఇంపల్స్ రెస్పాన్స్ అనేది చేసే పని అదే. ఒక స్పీకరు, ఒక మైకు, ఒక చోటు. గదిలో యాంప్ ముందు నిలబడ్డ ఎవడూ తన చెవిని స్పీకరుకి ఆనించి వినడు. యాంప్ కింద ఉంటుంది, మన చెవి పైన పక్కగా ఉంటుంది. గిటార్ స్పీకరు పై పౌనఃపున్యాలని టార్చిలైటులా సూటిగా కొడుతుంది, పక్కన నిలబడ్డవాడికి అవి తక్కువ. అడుగు శబ్దం నేలనీ గోడలనీ తాకి వస్తుంది. ఇవేవీ హెడ్‌ఫోన్స్‌లో ఉండవు. రికార్డింగ్ స్టూడియోలో కంట్రోల్ రూమ్‌లో కూర్చుని తన ట్యూబ్ యాంప్‌నే స్పీకర్లలో విన్నవాడికి కూడా ఇదే నిరాశ ఎదురవుతుంది. అక్కడ తప్పు డిజిటల్ మీదికి నెట్టడానికి డిజిటల్ ఏదీ ఉండదు.

చప్పుడు సంగతి ఇంకా పెద్దది. తక్కువ శబ్దం దగ్గర మన చెవికి బేస్ సరిగా వినపడదని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. పెద్ద చప్పుడు దగ్గర అదే యాంప్ నిండుగా వినిపిస్తుంది, పొట్టలో తగులుతుంది. అంతకన్నా ముఖ్యం, పెద్ద చప్పుడు దగ్గర స్పీకరులోంచి వచ్చిన గాలి గిటార్ చెక్కనీ తీగలనీ కదుపుతుంది. మీటిన స్వరం ఆరకుండా నిలబడుతుంది, యాంప్‌కి ఎదురుగా తిరిగితే ఊళ పెడుతుంది. గిటార్, యాంప్, గాలి కలిసి ఒక చుట్టు పూర్తవుతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న క్షణాన ఆ చుట్టు తెగిపోతుంది. తెగింది ట్యూబు లేకపోవడం వల్ల కాదు, గాలి కదలకపోవడం వల్ల.

"సరే, మోడలర్‌ని పవర్ యాంప్‌కి కలిపి గిటార్ క్యాబినెట్‌లో (స్పీకరు పెట్టెలో) విన్నాను, అయినా చప్పగా ఉంది" అనేవాళ్ళున్నారు. వాళ్ళ మాటలో నిజం ఉంది, కారణం కూడా తెలిసిందే. స్పీకరు ఇంపీడెన్స్ (కరెంటుకి అది పెట్టే అడ్డు) 8 ఓములని రాసి ఉన్నా అన్ని స్వరాలకీ అది ఎనిమిదే ఉండదు. కింద 100 హెర్ట్జ్ ప్రాంతంలో ఒకచోట బాగా లేస్తుంది, పైన ట్రెబుల్ వైపు మళ్ళీ లేస్తుంది. ట్యూబ్ పవర్ యాంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఎక్కువ కాబట్టి, స్పీకరు ఎక్కడ లేస్తే అక్కడ దాని వోల్టేజీ లేస్తుంది. అడుగున గుద్దు, పైన మెరుపు అలా వస్తాయి. చేత్తో ఎత్తుకుపోయే చిన్న క్లాస్-డి పవర్ యాంప్ స్పీకరు మాట వినదు, తన వోల్టేజి తను ఇస్తుంది. మోడలర్‌లో స్పీకరు ఇంపీడెన్స్ కర్వ్ అన్న సెట్టింగు ఉంటే అది ఆన్‌లో ఉంచాలి, మీ క్యాబినెట్‌కి సరిపోయేది ఎంచుకోవాలి. స్పీకరు పెట్టెనీ మైకునీ అనుకరించే క్యాబ్ సిమ్యులేషన్‌ని మాత్రం ఆపేయాలి. సిమ్యులేషన్ ఆపకుండా నిజం క్యాబినెట్‌లో విని "డిజిటల్ అంతా దుప్పటి కప్పినట్టుంది" అని అమ్మేసినవాళ్ళని నేను చూశాను. అలా అమ్మినది చవగ్గా కొన్నాను కూడా.

ఇప్పుడు ఫ్లాట్ సంగతి. మా పిన్ని కొడుకు డల్లస్ నుంచి తిరిగొచ్చేస్తూ డీలక్స్ రివర్బ్ తెచ్చుకున్నాడు. వాడు వాయించడం మానేశాక అది నా దగ్గరికి చేరింది. 120 వోల్టుల యాంప్ కాబట్టి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. వోల్టేజి దిగుతుంది గానీ అక్కడి 60 హెర్ట్జ్ ఇక్కడ 50 అవుతుంది, యాంప్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. అదలా ఉంచండి. హైదరాబాద్‌లో మూడో అంతస్తులో, కింద పరీక్షలకి చదివే పిల్లలు, పక్కన గుండె ఆపరేషన్ అయిన పెద్దాయన ఉన్న చోట, ఆ యాంప్ వాల్యూమ్ నాబ్ రెండు దాటదు. అది తేటగా, అందంగా మోగుతుంది. కానీ నేను పైన చెప్పిన శాగ్ ఏది? పవర్ ట్యూబులు కరెంటు లాగితేనే వోల్టేజి జారేది. రెండు దగ్గర అవి లాగవు. 22 వాట్ల యాంప్ బదులు 2 వాట్లది కొనుక్కుందామా అంటే, వాట్లు పదో వంతు చేసినా చెవికి చప్పుడు సగమే తగ్గినట్టుంటుంది. ఆ సగం కూడా పక్కింటివాళ్ళకి చాలా ఎక్కువ. స్పీకరుకీ యాంప్‌కీ మధ్య బలాన్ని మింగేసే అటెన్యుయేటర్ పెడితే ట్యూబులు పూర్తిగా పనిచేస్తాయి. అయితే గాలి కదలదు, చెవికి బేస్ తగ్గుతుంది, ట్యూబులు మాత్రం అరుగుతాయి.

అందుకే నా లెక్కలో, ఫ్లాట్‌లో రాత్రి తొమ్మిదింటికి వాయించేవాడికి ట్యూబ్ యాంప్ కన్నా మోడలర్‌లోనే ట్యూబ్ యాంప్ గుణం ఎక్కువ దొరుకుతుంది. పూర్తిగా పెంచిన డీలక్స్ రివర్బ్ ప్రవర్తన దాంట్లో ఉంది, చప్పుడు మాత్రం విడిగా తగ్గించుకోవచ్చు. ఫెండర్ వాళ్ళే 2019లో టోన్ మాస్టర్ డీలక్స్ రివర్బ్ అని అదే డబ్బాలో డిజిటల్ యాంప్ తెచ్చారు. ట్యూబులది 19 కిలోలుంటే ఇది పదిన్నర. 22 వాట్ల ట్యూబ్ యాంప్‌ని అనుకరించడానికి లోపల 100 వాట్ల క్లాస్-డి పవర్ యాంప్ పెట్టారు. ట్యూబుల వాట్లు గట్టివి అన్న పాత నమ్మకం వెనక ఎంత నిజముందో ఈ అంకెల్లోనే చూసుకోవచ్చు.

ట్యూబుల పక్షాన నేను గట్టిగా నిలబడేది రిపేరు విషయంలో. 1965 నాటి యాంప్‌ని ఈ రోజు విప్పితే సోల్డరింగ్ ఐరన్ పట్టిన ఎవరైనా అర్థం చేసుకోగలరు. కెపాసిటర్లు ఎండిపోతే మారుస్తారు, మళ్ళీ ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. (ప్లగ్ పీకేసినా కెపాసిటర్లలో ప్రాణం తీసే చార్జి ఉంటుంది, తెలియనివాళ్ళు వేలు పెట్టకండి.) మోడలర్ బోర్డులో ఒక చిప్ పోతే, కంపెనీ ఆ మోడల్ ఆపేసి ఉంటే, అది పేపర్ వెయిటు. అయితే ట్యూబుల సరఫరా కూడా భరోసా ఇచ్చేదేమీ కాదు. ఇప్పుడు గిటార్ యాంపుల ట్యూబులు దాదాపు అన్నీ రష్యా, స్లొవాకియా, చైనాల నుంచే రావాలి. 2022లో యుద్ధం, ఆంక్షలతో రష్యా ట్యూబుల ధరలు ఎలా ఎగిశాయో కొన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఇక్కడ వాల్వు రేడియో మెకానిక్కులు ఒక్కొక్కరే పని మానేస్తున్నారు. మా ఏరియాలో మిగిలిన ఒక్కాయన, యాంప్‌ని చూసి "మామూలు రేడియోనే బాబూ, పెద్ద స్పీకరు పెట్టారంతే" అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు.

వోల్టేజి గురించి ఒక సరదా సంగతి. అమెరికా రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ తన మార్షల్‌కి వోల్టేజిని కావాల్సినంత దించే వేరియాక్ తగిలించి గోడ వోల్టేజిని 90 దాకా దించి వాయించేవాడు. దానికోసం ప్రపంచమంతా గిటారిస్టులు వేరియాక్‌లు కొన్నారు. మన ఊళ్ళలో ఎండాకాలం సాయంత్రాలు కరెంటాఫీసు వాళ్ళు ఆ సౌకర్యం ఉచితంగానే ఇచ్చేవాళ్ళు, వాయించడానికి మార్షల్ లేదంతే.

నిజంగా పోల్చి చూసుకోవాలనుకుంటే వీడియోలు చూడకండి. ఒకే క్యాబినెట్‌కి ఒకసారి ట్యూబ్ యాంప్, ఒకసారి మోడలర్‌తో పవర్ యాంప్ కలపండి. స్పీకరు తీసేటప్పుడు ట్యూబ్ యాంప్ ఆఫ్ చేయడం మరవకండి, స్పీకరు లేకుండా వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. ఫోన్‌లో డెసిబెల్ మీటర్ పెట్టి చప్పుడు సమానం చేయండి. బ్యాండ్ వాయించేంత చప్పుడు ఉండాలి. మీరే వాయించండి. మా బ్యాండ్ సాధన చేసే జామ్ రూమ్‌లో ఇలా చేసినప్పుడు డ్రమ్మర్‌కి ఏమీ తెలియలేదు, బేసిస్టు మోడలర్‌నే ట్యూబ్ యాంప్ అన్నాడు. నాకు తేడా ఒక్కచోట దొరికింది. గిటార్ వాల్యూమ్ సగానికి దించి, కింది నాలుగు తీగల్నీ వేళ్ళతో గట్టిగా లాగి వదిలినప్పుడు. డీలక్స్‌లో కార్డు మొదట అణిగి, తర్వాత తెరుచుకుంటుంది. మోడలర్‌లో అణగడం తక్కువ. శాగ్ నాబ్ పెంచితే దగ్గరికొస్తుంది గానీ, బేస్ తీగలు వదులైపోతాయి. ప్రస్తుతానికి బేస్ కాస్త కోసి, శాగ్ కాస్త పెంచి వాడుతున్నాను. ఫ్లాట్‌లో మోడలరు, జామ్ రూమ్‌లో డీలక్సు. డీలక్స్‌ని మెట్లమీద మోసేటప్పుడు మాత్రం ఈ ఏర్పాటు గురించి మళ్ళీ ఆలోచిస్తూంటాను.